రేకుల షెడ్డులో పాత ట్యూబులు తీసేసి ఎల్ఈడీ పెడుతున్నాం, ముందు ఏం చూసుకోవాలి?

ఆటోనగర్ లేత్ (విజయవాడ):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. షెడ్డు ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, పైన సిమెంటు రేకులు. రెండు లేతులు, ఒక పెద్ద డ్రిల్లింగ్ మిషను, పవర్ హాక్సా, ఒక మూల వెల్డింగ్, ఇంకో పక్క బెంచీ. లారీల బ్రేక్ డ్రమ్ములు తిప్పడం, హబ్బుల బోరింగ్, బుష్షులు, ఇవే మా పని.

లైట్లన్నీ నాన్నగారి కాలంవే. రాగి చోకులున్న 40 వాట్ల లావు ట్యూబులు 14, ముందు లారీ ఆగేచోట 250 వాట్ల మెర్క్యురీ లైట్లు రెండు. రెండు పక్కలా వేరేవాళ్ల షెడ్లు ఉండటంతో కిటికీలకు చోటు లేదు, పొద్దున్న తొమ్మిదింటికి వేస్తే రాత్రి ఏడింటి దాకా అన్నీ వెలగాల్సిందే. అయినా వెర్నియర్ (కొలతలు తీసే స్కేలు) మీద గీతలు చూడాలంటే దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాలి. నాన్నగారు ముప్పై ఏళ్లు అలాగే చేశారు, ఇప్పుడు ఆయనకి అరవై దాటాయి, గుమ్మం దగ్గర కూడా సరిగ్గా కనపడట్లేదు.

రెండు నెలల కిందట చవగ్గా వస్తున్నాయని నాలుగు ఎల్ఈడీ ట్యూబులు తెచ్చి పాత పట్టీల్లోనే బిగించాం. వాటిలో రెండు, నెల తిరక్కుండానే పోయాయి, షాపువాళ్లు మార్చలేమన్నారు. అది పోతే పోయింది, అసలు భయం వేరే. మిగిలిన రెండూ డ్రిల్లింగ్ మిషను మీద ఉన్నాయి. మొన్న పుల్లీ ఆగిందనుకుని మా కుర్రాడు బెల్టు మార్చడానికి చెయ్యి పెట్టబోయాడు. పక్కనే ఉన్నాను కాబట్టి భుజం పట్టి వెనక్కి లాగాను. చూస్తే పుల్లీ పూర్తి స్పీడులో తిరుగుతోంది, పైన గార్డు కూడా తీసేసి ఉంది. నాకూ ఆ లైటు కింద అది చాలా నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నట్టే కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది లైటు వల్లేనా? మొత్తం మారిస్తే ఎన్ని వాట్లవి, ఎక్కడ పెట్టాలి? కరెంటు బిల్లు తగ్గడం నాకు రెండో సంగతి, ముందు పని కనపడాలి.

---

వైరింగ్ బాబాయ్ (గుంటూరు):

బాబూ, ముందు ఆ రెండు ట్యూబులు ఇవాళే తీసేయండి, గార్డు ఇవాళే బిగించండి. మిగతావన్నీ తర్వాత.

అది లైటు వల్లే. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, అంటే లైటు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. పాత ట్యూబుకీ ఈ గుణం ఉంది కానీ దాని లోపలి తెల్లపూత కరెంటు తగ్గిన క్షణంలో కూడా కాస్త వెలుగు నిలుపుకుంటుంది. ఎల్ఈడీకి అంత ఓర్పు లేదు, కరెంటు తగ్గితే వెంటనే ఆరిపోతుంది. మంచి డ్రైవరు (లైటుకి కరెంటు మార్చి ఇచ్చే సర్క్యూట్) ఆ ఎక్కుదిగుళ్లను సాఫీ చేసి ఇస్తుంది, చవక ట్యూబుల్లో అందుకు కావలసిన కెపాసిటరు చిన్నది పెడతారు, కొన్నిట్లో అసలు పెట్టరు. మీ డ్రిల్లింగ్ మోటారు 1440 స్పీడుదే అయ్యుంటుంది, అంటే సెకనుకి 24 చుట్లు. మోటారు పుల్లీకి నాలుగు చువ్వలుంటే ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య పావు చుట్టుకి రవ్వంత తక్కువ తిరుగుతుంది, దాంతో కంటికి సెకనుకి ఒక చుట్టు చొప్పున వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా 1500 తిరిగితే కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. మీ కుర్రాడి తప్పేం లేదు, వాడిని కోప్పడొద్దు.

కొనేముందు షాపులోనే లైటు వెలిగించి ఫోను కెమెరా దగ్గరగా పెట్టి చూడండి. తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటే అది మిషన్ల మీదకి పనికిరాదు. లేదా ఆ లైటు కింద పెన్ను వేళ్ల మధ్య పట్టుకుని గబగబా ఆడించండి. పెన్ను మసగ్గా ఒకటే వెడల్పుగా కనపడితే మంచిది, విడివిడిగా నాలుగైదు పెన్నులున్నట్టు కనపడితే వదిలేయండి.

ఇంకో జాగ్రత్త. మీది త్రీఫేజు సర్వీసు కదా, ఒకే వరసలో లైట్లన్నీ ఒకే ఫేజు మీద ఇవ్వకండి. ఒకటి ఆర్, పక్కది వై, దాని పక్కది బి, ఇలా మార్చుకుంటూ పోతే ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి వెలుగుతుంది. పాతకాలం మిల్లుల్లో మేం చేసిన పద్ధతి ఇదే. ఒక ఫేజు పోయినా షెడ్డు మొత్తం చీకటి కాదు.

ఇక రెండు ట్యూబులు కాలిపోయిన సంగతి. మీ షెడ్డులో వెల్డింగ్ కొడుతుంటే లైట్లు కొన్ని మసకబారి, కొన్ని మామూలు కంటే ఎక్కువ వెలుగుతాయా?

---

ఆటోనగర్ లేత్:

అవును బాబాయ్ గారూ! గుమ్మం వైపువి మసకబారతాయి, లోపలివి తెల్లగా అయిపోతాయి. వెల్డింగ్ అంటే అంతేలే అనుకుంటూ వచ్చాం.

---

వైరింగ్ బాబాయ్ (గుంటూరు):

అంతే కాదు. వెల్డింగ్‌కి వోల్టేజి పడటం మామూలే, వేరే ఫేజులో పెరగడం మాత్రం మామూలు కాదు. ఎక్కడో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లూజుగా ఉంది. న్యూట్రల్ పూర్తిగా ఊడితే 230 రావాల్సిన చోటికి 400 దాకా వచ్చేస్తుంది, ఎల్ఈడీ డ్రైవరు ఎంత మంచిదైనా అక్కడితో సరి. పాత చోకు దెబ్బలు తినగలిగేది కాబట్టి ఇన్నేళ్లూ మీకు తెలియలేదు.

మీటరుతో మూడు ఫేజులకీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజి చూడమనండి, వెల్డింగ్ ఆపి ఒకసారి, కొడుతుండగా ఒకసారి. ఒకటి 190కి పడి ఇంకోటి 260కి లేస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మెయిన్ స్విచ్చు, జనరేటరు ఉంటే చేంజోవరు (లైను నుంచి జనరేటరుకి మార్చే స్విచ్చు), డీబీలో (ఫ్యూజులుండే డిస్ట్రిబ్యూషన్ బాక్సు) న్యూట్రల్ లింకు, ఈ మూడు చోట్లే ఎక్కువగా దొరుకుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మీరు చెయ్యి పెట్టొద్దు. మీటరుకి అవతల, స్తంభం వైపు తేడా ఉంటే కరెంటు ఆఫీసులో కంప్లయింటు ఇవ్వండి. ఇది తేలేదాకా ఒక్క లైటు కూడా కొనకండి.

---

పటమట షెడ్డు (విజయవాడ):

మా దగ్గర 40 వాట్ల ట్యూబులు తీసి 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు (పొడుగు పట్టీలాంటి పూర్తి ఫిట్టింగులు) పెట్టాం, రెండేళ్లయింది, బాగానే ఉన్నాయి. చోకుతో కలిపి పాతది 55 వాట్ల దాకా తినేది, ఇప్పుడు 20. మరీ అంత ఆలోచించక్కర్లేదన్నా, ఒకటి తీసి ఒకటి పెట్టెయ్.

---

జిన్నింగ్ మెయింటెనెన్స్ (గుంటూరు):

పటమట అన్న చెప్పింది గోడౌనుకో, స్పేర్‌పార్ట్స్ షాపుకో సరిపోతుంది. లేత్ షాపుకి చాలదు, లెక్క చూడండి.

లైటు ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు, ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. మీ షెడ్డు 1800 చదరపు అడుగులు, అంటే 167 చదరపు మీటర్లు. 20 వాట్ల మంచి బ్యాటెన్ సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది, 14 పెడితే 28 వేలు. అందులో గోడలూ రేకులూ మింగేసేది, దుమ్ము పట్టి తగ్గేది పోగా పని మీదకి సగమే వస్తుందనుకోండి. 14 వేలని 167తో భాగిస్తే 84 లక్స్. నడవడానికి సరిపోతుంది. లేత్ మీద మామూలు పనికే 300 నుంచి 500 లక్స్ కావాలి, వెర్నియర్, మైక్రోమీటరు చదివేచోట ఇంకా ఎక్కువ కావాలి.

అలాగని షెడ్డంతా 500 లక్స్ చేయక్కర్లేదు, అది డబ్బులు రేకులకి పెట్టడమే. పైన 4 అడుగుల 40 వాట్ల బ్యాటెన్లు 14 పెడితే షెడ్డంతా 160, 170 లక్స్ వస్తుంది. మిగతాది ప్రతి మిషనుకీ విడిగా ఒక లైటు. మెడ వంగే మిషను ల్యాంపులు దొరుకుతాయి, 24 వోల్టులది తీసుకోండి, ఇనుప చిప్స్ తగిలి వైరు తెగినా, కూలెంటు పడినా ప్రాణానికి ముప్పు ఉండదు. 10 వాట్లు అడుగున్నర దూరంలో పెడితే పైన 100 వాట్లు పెట్టినదాని కంటే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది.

ల్యాంపు ఎటువైపు నుంచి రావాలో కూడా చూసుకోండి. మనిషి వెనకాల లైటుంటే వాడి తల నీడ జాబ్ మీద పడుతుంది. నడినెత్తిన ఉంటే టూల్‌పోస్టు నీడ సరిగ్గా టూలు మొన మీదే పడుతుంది. డ్రమ్ము లోపల బోరింగ్ చేసేటప్పుడైతే పైనుంచి ఎన్ని లైట్లు వేసినా లోపల చీకటే, టెయిల్‌స్టాక్ (లేత్‌లో చక్‌కి ఎదురుగా ఉండే చివర) వైపు నుంచి లోపలికి కొట్టాలి.

ఇక వేడి సంగతి మా మిల్లులో నేర్చుకున్నది. ఎండాకాలం మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలు, రోహిణి కార్తెలో రేకు కింద ఒక అడుగు లోపల చెయ్యి పెట్టి చూడండి, నిలపలేరు. మొదట్లో మేం ఫిట్టింగులు రేకుకి ఆనించి యాంగిల్‌కే బిగించాం, ఒక్క వేసవిలో సగం పోయాయి. వెలిగే ఎల్ఈడీ చిప్పులు బాగానే ఉన్నాయి, పోయినవన్నీ డ్రైవర్లే. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే సగానికి పడిపోతుంది, పెట్టె మీద రాసిన గంటలు చల్లటి గదికే. తర్వాత గొలుసులు వేసి రెండున్నర అడుగులు కిందికి దించాం, డ్రైవరు విడిగా విప్పి మార్చుకునే రకం తీసుకున్నాం. ఇప్పుడు మూడో ఏడు, పోయినవి రెండే. కిందికి దిగితే వెలుగూ పెరుగుతుంది. మాకు దూది నుసి, మీకు గ్రైండింగ్ దుమ్ము, కాబట్టి ఐపీ65 అని రాసి ఉన్న మూసిన ఫిట్టింగు తీసుకోండి, నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

---

పటమట షెడ్డు:

లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను అన్నా. మాది ఎక్కువగా ఇంజను ఊడదీసి బిగించే పని, చేతిలో హ్యాండ్ ల్యాంపు ఎప్పుడూ ఉంటుంది, అందుకే మాకు తేడా తెలియలేదు.

---

కానూరు పెయింటింగ్ (విజయవాడ):

లేత్ వాళ్లకి అంత అవసరం లేకపోయినా, చదివేవాళ్లలో టింకరింగ్, పెయింటింగ్ వాళ్లుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మా దగ్గర ముందు సోడియం లైట్లుండేవి, ఆ పసుపు వెలుగులో ఎరుపు, మెరూను ఏదో తెలిసేది కాదు. అవి తీసేసి మామూలు తెల్ల ఎల్ఈడీలు పెట్టాం, బ్రహ్మాండంగా ఉందనుకున్నాం. ఒక సిల్వర్ కలర్ బండికి డోరు ఒక్కటే కొట్టి, లోపల చూసి కలిసిందని పంపిస్తే, బందరు రోడ్డు మీదికి వెళ్లాక ఎండలో డోరు నీలంగా, బండి బూడిదరంగుగా కనిపించిందని ఆయన తిరిగి వచ్చేశాడు. మళ్లీ కొట్టాం, మెటీరియల్ మాదే, రెండు రోజులు మావే.

అందుకే పెట్టె మీద వాట్లతో పాటు సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే అంకె) కూడా చూడండి. ఎండకి 100 అనుకుంటే మామూలు ఎల్ఈడీలు 80 ఉంటాయి, సోడియానికి పాతిక కూడా ఉండదు. రంగు కలిపేచోట 90 పైన ఉండాలి, అది ఆ ఒక్క చోట రెండు మూడు లైట్లకి పెట్టుకుంటే చాలు, షెడ్డంతా పెడితే ఖర్చు దండగ. లేత్ దగ్గర 80 చాలు కానీ నీలంగా కొట్టే 6500 కెల్విన్ కంటే 4000 కెల్విన్ రకం తీసుకోండి, పది గంటలు మెరిసే ఇనుము మీద చూసే కళ్లకి అది హాయి. నాన్నగారి వయసు చెప్పారు కాబట్టి అంటున్నాను.

ముఖ్యమైనది ఇంకోటి: స్ప్రే కొట్టే గదిలో మామూలు ఫిట్టింగు పెట్టకండి. థిన్నరు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగు అయినా పెట్టాలి, లేదా లైటు గది బయట ఉంచి గట్టి అద్దంలోంచి లోపలికి కొట్టాలి. ఇందులో పొదుపు చూడొద్దు.

---

వైరింగ్ బాబాయ్ (గుంటూరు):

కానూరు ఆయన మంచి మాట చెప్పారు. నేను మర్చిపోయినవి కొన్ని.

పాత పట్టీలో ఎల్ఈడీ ట్యూబు పెట్టే పద్ధతి వదిలేయండి, పూర్తి ఫిట్టింగే కొనండి. ట్యూబుల్లో రెండు రకాలున్నాయి. ఒక రకానికి రెండు చివరలా కరెంటు ఇవ్వాలి, ఇంకోదానికి ఒక్క చివరే ఫేజూ న్యూట్రలూ రెండూ ఇవ్వాలి. ఈ రెండోదాన్ని ఎవరైనా తిరగేసి బిగిస్తే చాలావాటిలో షార్ట్ అవుతుంది. మొదటి రకంలో ఒక చివర బిగించి ఉండగా రెండో చివర పిన్నులు పట్టుకుంటే షాక్ కొట్టొచ్చు, నిచ్చెన మీద ఉన్నవాడికి చిన్న షాకైనా పెద్ద ప్రమాదమే. పైగా పాత చోకు అందులోనే ఉంచేస్తే అది కొంత కరెంటు తింటూనే ఉంటుంది. చోకులు తీసి పాత సామాను వాళ్లకి అమ్మండి, రాగికి డబ్బులొస్తాయి.

ఫిట్టింగు మీద సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) ఎంత తట్టుకుంటుందో రాసి ఉంటుంది, మీలాంటి చోట 4 కేవీకి తక్కువ తీసుకోవద్దు. డ్రైవరు మీద బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. పవర్ ఫ్యాక్టరు 0.9 పైన ఉండాలి. ఇనుప బాడీ ఫిట్టింగైతే ఎర్తు వైరు తప్పకుండా ఇవ్వాలి, "రెండు వైర్లు చాలండి" అనే కుర్రాళ్ల మాట వినొద్దు. బిల్లు తీసుకోండి. 2022 జూలై నుంచి ఎల్ఈడీల మీద జీఎస్టీ 18 శాతం అయింది, అది తప్పించుకుందామని బిల్లు లేకుండా తెస్తే వారంటీ అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. మీకు జీఎస్టీ నంబరుంటే ఆ పన్ను క్రెడిట్‌గా వెనక్కే వస్తుంది.

అన్నిటికంటే చవకది: రేకుల్లో అక్కడక్కడా ఒకటి తీసి పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ రేకు వేయించండి. పగలు సగం లైట్లు ఆపేయొచ్చు. గోడలకి తెల్లసున్నం వేయండి, నల్లబడ్డ గోడ వెలుగంతా తాగేస్తుంది.

---

ఆటోనగర్ లేత్:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. మూడు వారాల్లో జరిగినవి చెబుతాను.

న్యూట్రల్ చేంజోవరు దగ్గర దొరికింది. వెల్డింగ్ కొడుతుంటే ఒక ఫేజు 188, ఇంకోటి 264. మూత తీస్తే న్యూట్రల్ బోల్టు కింద లగ్గు బొగ్గులా నల్లబడి ఉంది, పక్కన ఉన్న వైరు ఇన్సులేషన్ కరిగి బోల్టుకి అతుక్కుపోయింది. కొంచెం ఆలస్యమైతే నిప్పు అంటుకునేదేనని ఎలక్ట్రీషియన్ అన్నాడు. చేంజోవరే మార్చేశాం, ఇప్పుడు వెల్డింగ్ కొట్టినా మూడింట్లో ఏదీ 240 దాటట్లేదు. లైట్ల సంగతి అడగడానికి వచ్చి ఇది తెలుసుకున్నాను, బాబాయ్ గారికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే.

తర్వాతే లైట్లు కొన్నాం. వన్‌టౌన్‌లో మూడు షాపుల్లో ఫోను కెమెరా పెట్టి చూశాను, మొదటి షాపులో నల్లపట్టీలు స్పష్టంగా పాకాయి, మూడో షాపులో సాఫీగా ఉంది, అక్కడే తీసుకున్నాను. 40 వాట్లవి 14, రేకుకి రెండున్నర అడుగుల కిందికి గొలుసులతో, మూడు ఫేజుల మీద మార్చి మార్చి ఇచ్చాం. ముందున్న మెర్క్యురీ లైట్ల స్థానంలో 100 వాట్ల ఎల్ఈడీలు రెండు. కరెంటు పోయి వస్తే పాతవి మళ్లీ వెలగడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఇవి వెంటనే వెలుగుతున్నాయి. మిషన్లకి 24 వోల్టుల ల్యాంపులు మూడు.

బిల్లు లెక్క కూడా వేశాను. పాతవి చోకులతో కలిపి దాదాపు 1310 వాట్లు, రోజుకి పది గంటలు, 26 రోజులు, నెలకి 340 యూనిట్లు. ఇప్పుడు మిషను ల్యాంపులతో కలిపి 790 వాట్లు, అదే గంటలకి 205 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే నెలకి వెయ్యి పైన మిగులుతుంది, అదీ వెలుగు పెరిగాక. పాలీకార్బొనేట్ రేకులు నాలుగు వేయించాం, పదకొండు నుంచి మూడు దాకా మధ్య వరస లైట్లు ఆపేస్తున్నాం, కాబట్టి ఇంకా తగ్గాలి.

నిన్న నాన్నగారు ఒక టిప్పర్ హబ్బు బోరింగ్ చేశారు. ల్యాంపు టెయిల్‌స్టాక్ వైపు నుంచి లోపలికి పెట్టాను. టూలు మొన దగ్గర చిప్ చుట్ట తిరుగుతూ లేవడం, దాని వెనకే మెరుస్తున్న గీత, అన్నీ కనిపిస్తున్నాయి. వెర్నియర్ అక్కడే పెట్టి, కళ్లజోడు కాస్త ముందుకి జరుపుకుని, అక్కడే చదివారు. గుమ్మం దగ్గరికి వెళ్లలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పాత ట్యూబులు, మెర్క్యురీ బల్బులు మూల పెట్టాం. కుర్రాళ్లు చెత్తలో పడేద్దామంటున్నారు, పడేయొచ్చా?

---

జిన్నింగ్ మెయింటెనెన్స్ (గుంటూరు):

పడేయొద్దు. వాటి లోపల పాదరసం ఉంటుంది, పగిలితే ఆ ఆవిరి పీల్చేది ముందు మీ కుర్రాళ్లే. కొత్త ఫిట్టింగులు వచ్చిన అట్టపెట్టెల్లోనే పాతవి నిలువుగా పేర్చి, ఎవరూ తన్నని చోట పెట్టండి. ఈ-వేస్ట్ నిబంధనల్లో ట్యూబులూ ఉన్నాయి, కాబట్టి పొల్యూషన్ బోర్డు అనుమతి ఉన్న ఈ-వేస్ట్ వాళ్లకే ఇవ్వాలి, పాత సామాను బండికి కాదు. మీ ఒక్కరి 14 కోసం బండి రాదు, ఆటోనగర్‌లో చుట్టుపక్కల నాలుగు షెడ్ల వాళ్లవీ పోగేసి పిలవండి. ఒకటి పొరపాటున పగిలితే ఫ్యాన్లు ఆపి, అందరూ బయటికి వచ్చి, పావుగంట గాలి ఆడనిచ్చి, చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ఎత్తి సీసాలో వేసి మూత పెట్టండి.

---

ఆటోనగర్ లేత్:

సరే అన్నా. ఎదురు షెడ్డు వాళ్ల దగ్గర ముప్పై దాకా ఉన్నాయట, రేపే మాట్లాడతాను. వాళ్ల లైట్లూ వెల్డింగ్ కొట్టినప్పుడు అలాగే ఎక్కువ వెలుగుతున్నాయి, ఆ సంగతి మాత్రం ఇప్పుడే వెళ్లి చెప్పొస్తాను.